వలలో చిక్కిన పావురం చెప్పిన నీతి



నా పూర్వవిద్యార్థి ఒకడు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, ధైర్యం, క్షమ, వాక్చాతుర్యం అంటూ మీరు మాకు నేర్పిన గుణాలన్నీ రాజులకూ మంత్రులకూ చెప్పినవి గదా! తెల్లవారి లేచి బస్సెక్కి ఉద్యోగానికి పోయే మాబోటివాళ్ళకు అవి ఎందుకు పనికివస్తాయండీ?" అని. ప్రశ్నలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆ పద్యాలు చెప్పి జీతం తీసుకొన్నవాణ్ణి గనుక సమాధానం చెప్పవలసిన పూచీ నాకున్నది. అయితే "నీతి నిత్యనూతనం" అని ఒక్క మాటలో తేల్చివేయడం నాకు ఇష్టం లేదు. ఈ గుణాలు ఎక్కడ పుట్టాయో, ఏ దారిన మన దాకా వచ్చాయో చూస్తేనే సమాధానం దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఇది కొంత చరిత్ర, కొంత విచారణ.

తెలుగుబడిలో చదువుకొన్న వారికందరికీ తెలిసిన ఒక శ్లోకాన్ని తీసుకొంటాను. భర్తృహరి నీతిశతకంలోనిది. మహాత్ములకు సహజంగా ఉండే ఆరు గుణాలను అది లెక్కపెడుతుంది. ఆపదలో ధైర్యం, అభ్యుదయంలో క్షమ, సభలో మాటనేర్పు, యుద్ధంలో పరాక్రమం, కీర్తి మీద అభిరుచి, విద్య మీద వ్యసనం. భర్తృహరిని ఏనుగు లక్ష్మణకవి, ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన తెలుగు చేశారు. లక్ష్మణకవి అనువాదం పాఠ్యపుస్తకాల ద్వారా ఇంటింటికీ చేరింది. ఐరోపా వారికి భర్తృహరిని మొదట పరిచయం చేసినది కూడా మన తీరానికి దగ్గరి ఊరే. డచ్చివారి స్థావరమైన పులికాట్‌లో మతబోధకుడుగా ఉన్న అబ్రహాం రోజర్ అనే ఆయన పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో భర్తృహరి సుభాషితాలను డచ్చిభాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథం 1651లో అచ్చయింది.

సుభాషితానికి ఈ సౌలభ్యం ఉన్నది. అది ముత్యం వంటిది. దండలోనుంచి విడదీసి ఎక్కడికైనా తీసుకొనిపోవచ్చు. కాని విడదీసినప్పుడు ఒకటి పోతుంది. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ అవస్థలో అన్నారన్నది పోతుంది.

ఈ శ్లోకానికి మాత్రం మరొక చిరునామా కూడా ఉన్నది. నారాయణ పండితుని హితోపదేశంలో, మిత్రలాభంలో ఇదే శ్లోకం కనబడుతుంది. హితోపదేశానికి 1373 నాటి వ్రాతప్రతి దొరికింది గనుక గ్రంథం అంతకు పూర్వపుదే. అక్కడ ఈ మాటలు పలికినది మహాత్ముడూ కాదు, మహారాజూ కాదు. వలలో చిక్కిన ఒక పావురం.

కథ మీకు తెలిసినదే. గోదావరి ఒడ్డున ఒక పెద్ద బూరుగుచెట్టు. వేటగాడు నూకలు చల్లి వల పన్నాడు. పావురాల రాజు చిత్రగ్రీవుడు "నిర్జనమైన అడవిలో నూకలు ఎక్కడివి? అనుమానించండి" అన్నాడు. గర్వి అయిన ఒక పావురం "ఇట్లా ప్రతిదానికీ శంకిస్తే బ్రతికేదెట్లా?" అన్నది. అందరూ దిగారు, చిక్కారు. చిక్కిన మరుక్షణం అన్నీ కలిసి ఆ పావురాన్ని తిట్టసాగాయి. అప్పుడు చిత్రగ్రీవుడు కలుగజేసుకొన్నాడు. ఇది అతని దోషం కాదన్నాడు. ఆపదలో దిగ్భ్రమ చెందడం పిరికివాని లక్షణం, ధైర్యం తెచ్చుకొని ఉపాయం చూడాలన్నాడు. ఆ వెంటనే వచ్చేది మన శ్లోకం. శ్లోకం ముగిసిన తరువాత పావురాలన్నీ ఒక్కుమ్మడిగా వలతోసహా ఎగిరిపోయాయి.

భర్తృహరిలో చదివినప్పుడు ఇది గొప్పవారి గుణగణాల పట్టిక. హితోపదేశంలో చదివినప్పుడు ఇది ప్రాణం మీదికి వచ్చిన వేళ ఒక నాయకుడు తనవారికి చెప్పిన పనిమాట. అక్షరాలు అవే, బరువు వేరు. ఆ రెండవ చిరునామాను తెలుగు విద్యార్థికి అందించినవారు పరవస్తు చిన్నయసూరి. మద్రాసు రాజధాని కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్న సూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడింది. పంచతంత్రంలో మిత్రభేదం ముందు, మిత్రసంప్రాప్తి తరువాత వస్తాయి. హితోపదేశం ఆ వరుసను మార్చి మిత్రలాభాన్ని మొదట పెట్టింది. సూరిగారూ ఆ వరుసనే అనుసరించారు. మిగిలిన సంధి విగ్రహాలను ఆ తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు వ్రాశారు.

అంతకు చాలకాలం ముందునుంచే తెలుగులో నీతిశాస్త్రం ఒక ప్రత్యేక శాఖగా వర్ధిల్లింది. బద్దెన నీతిశాస్త్రముక్తావళి ఉన్నది. పదిహేనవ శతాబ్దిలో మడికి సింగన తనకు ముందున్న నీతిగ్రంథాలనుంచి పద్యాలు ఏరి సకలనీతిసమ్మతం కూర్చాడు. ఆయన ఉదాహరించిన గ్రంథాలలో కొన్ని నేడు మనకు దొరకవు. వీటిలో అధికభాగం రాజు, మంత్రి, సేనాని, లేఖకుడు, దూత ఎట్లా ఉండాలో చెబుతాయి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుకుకు చేసిన రాజనీతి ఉపదేశమూ అంతే. చెరువులు కాలువలు త్రవ్వించడం, బీదరైతుకు పన్ను తగ్గించడం, రేవులకు వచ్చే పరదేశ వర్తకులను ఆదరించడం వంటి మాటలు రాజుకుండవలసిన గుణాల ప్రక్కనే కలగలిసి వస్తాయి. గుణం వేరు, పని వేరు అన్న ఊహ అక్కడ కనబడదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ ఇదే తీరు. మైసూరులో శామశాస్త్రిగారి కంటబడి 1909లో అచ్చయిన ఆ గ్రంథం మొదటి అధికరణంలోనే ఇంద్రియజయాన్ని చెబుతుంది. మనకు తెలిసిన అరిషడ్వర్గం కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలు. కౌటిల్యుని పట్టిక కొంచెం వేరు. కామం, కోపం, లోభం, మానం, మదం, హర్షం. మోహ మాత్సర్యాల చోట మాన హర్షాలు ఉన్నాయి. హర్షం శత్రువేమిటని నా విద్యార్థులు ఆశ్చర్యపడేవారు. మోక్షం కోరేవానికి కాకపోవచ్చును గాని, ఖజానా తాళాలు చేతిలో ఉన్నవానికి అతిసంతోషం ప్రమాదమే. గెలిచిన ఉత్సాహంలో చేసే వాగ్దానాలు ఎంత ఖరీదైనవో మనం చూస్తూనే ఉన్నాం. పట్టిక మారడానికి కారణం మనిషి నిలబడిన చోటు మారడమే.

ఈ పరిశీలన వల్ల నాకు తోచినది ఇది. మన పెద్దలు గుణాన్ని గాలిలో నిలబెట్టలేదు. ప్రతి గుణానికీ ఒక చోటు చూపించారు. ధైర్యానికి ఆపద చోటు. క్షమకు అభ్యుదయం చోటు. మాటకు సభ చోటు. చోటు తప్పితే గుణం గుణం కాదు. నేటి జీవితంలో ఆ చోట్లు ఎక్కడున్నాయో వెదకి పట్టుకోవడమే మన పని.

మొదట ఆపద. నాతో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మిత్రునికి బ్యాంకునుంచి అన్నట్టుగా ఒక ఫోను వచ్చింది. ఆయన నమ్మి ఓటీపీ చెప్పాడు. పింఛను సొమ్ము చాలభాగం ఖాతా దాటిపోయింది. ఆ సంగతి తెలిసిన తరువాత ఇంటిల్లిపాదీ గంటసేపు ఆయనను నిలబెట్టి ప్రశ్నించారు. "ముందే చెప్పామా లేదా?", "చదువుకొన్నవారు గదా, ఎట్లా నమ్మారు?" అని. వలలో పడిన పావురాలు చేసినది సరిగ్గా ఇదే. చివరకు చిన్నకోడలు "మామయ్యగారిని తరువాత అడగవచ్చు, ముందు 1930కి ఫోను చేయండి" అన్నది. సైబరు మోసాలను వెంటనే తెలియజేయడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు అది. ఎంత త్వరగా చెబితే సొమ్మును అంత దూరం పోకుండా నిలిపివేసే అవకాశం ఉంటుంది. వారు కొంత సొమ్మును నిలపగలిగారు, కొంత పోయింది. ఆ యింట చిత్రగ్రీవుడు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. ధైర్యమంటే భయం లేకపోవడమని మనం అనుకొంటాం. కథలోని ధైర్యం మూడు పనులు చేసింది. నిందను ఆపింది, ఉపాయం చెప్పింది, అందరినీ ఒకేసారి రెక్కలు విప్పమన్నది. పరీక్ష తప్పిన పిల్లవాడున్న ఇంట్లోనూ, అప్పు బయటపడిన ఇంట్లోనూ కావలసినది ఈ ధైర్యమే. ముఖ్యంగా ఆ మొదటి గంటలో.

రెండవది క్షమ. ఈ మాటకు సంస్కృతంలో ఓర్పు అనీ, భూమి అనీ అర్థాలు. శ్లోకం దీనిని అభ్యుదయంలో ఉన్నవానికి చెప్పిందన్న సంగతి మరువరాదు. ఎదుటివానిని దండించగల శక్తి ఉండీ ఓర్చుకొంటే అది క్షమ. శక్తి లేనివాడు ఓర్చుకొంటే అది నిస్సహాయత. మన చరిత్రలో ఈ గుణాన్ని తలక్రిందులు చేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. కొట్టే భర్తతో కాక దెబ్బలు తినే భార్యతో "ఓర్చుకో అమ్మా, భూదేవి వంటి ఓర్పు ఉండాలి" అన్నాం. కూలి ఎగ్గొట్టిన ఆసామితో కాక కూలివానితో "ఓర్పు మంచిది" అన్నాం. ఇది క్షమను దాని చోటునుంచి పెకలించి వేయడం. భారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ ప్రహ్లాదుడు తన మనుమడు బలికి చెప్పిన మాటను ఎత్తుకొంటుంది. ఎల్లప్పుడూ తేజస్సు మంచిది కాదు, ఎల్లప్పుడూ క్షమ కూడ మంచిది కాదు, కాలమెరిగి నడుచుకోవాలని. ధర్మరాజు క్షమను సమర్థిస్తూ సుదీర్ఘంగా బదులు చెప్పాడు. వ్యాసుడు ఇద్దరి మాటలనూ గ్రంథంలో ఉంచాడు. ఆ పెద్దమనసు మనకూ అవసరం. నేడు మనలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక మూల అభ్యుదయం ఉన్నది. ఇంట్లో పనిచేసే అమ్మాయి ముందు, ఆలస్యంగా భోజనం తెచ్చిన కుర్రవాని ముందు, దుకాణంలో లెక్క తప్పిన గుమాస్తా ముందు మనం రాజులమే. ఒక్క నక్షత్రం వేసి ఆ కుర్రవాని కూటికి గండి కొట్టగల శక్తి మన బొటనవ్రేలికి ఉన్నది. క్షమకు చోటు అక్కడ.

మూడవది సభలో మాట. దీనిని ఉపన్యాస చాతుర్యమని అర్థం చెప్పుకొంటే పోటీలకు పనికివస్తుంది. భారత సభాపర్వం ఇంకొక అర్థం చూపిస్తుంది. ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు వాగ్ధాటి గల పెద్దలు ఎందరో ఆ సభలో ఉన్నారు. ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తేల్చి చెప్పలేకపోయాడు. ధృతరాష్ట్రుని కొడుకులలో ఒకడైన వికర్ణుడు లేచి మాట్లాడాడు, కర్ణుడు అతనిని కసరివేశాడు. తెలిసి కూడ సభలో పలుకని సభ్యునికి అసత్యదోషంలో సగం అంటుతుందని విదురుడు హెచ్చరించాడు. కాబట్టి సభలో మాటనేర్పు అంటే పలుకవలసిన చోట పలకడం. దీనికి రెండవ సగం కూడ ఉన్నది. పలుకరాని మాటను పలుకకుండడం. నేటి సభ మన చేతిలోని ఫోనులోనే కూర్చున్నది. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు వాట్సాప్ ద్వారా వ్యాపించి దేశంలో పలుచోట్ల అమాయకులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ యేడు జూలైలో ఆ సంస్థ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా కట్టడి చేసింది. సందేశం ముందుకు త్రోసిన వారిలో చాలమంది దుర్మార్గులు కారు, జాగ్రత్త చెబుతున్నామనే అనుకొని ఉంటారు. సభ్యుని బాధ్యత తెలియక సభలో మాట్లాడారు. అంతే.

నాల్గవది యుద్ధంలో పరాక్రమం. దీనికి నేటి జీవితంలో బలవంతాన ఒక అర్థం అంటగట్టడం నాకు సమ్మతం కాదు. సరిహద్దున నిలిచిన సైనికునికి అది ఉన్నది. మనకు యుద్ధం లేదు. ఆ సంగతి మరచిపోవడమే మన చిక్కు. నాలుగు దారుల కూడలిలో ప్రక్కబండివాడు ముందుకు పోతే పౌరుషం పొడుచుకొని వస్తుంది. వీధిని రణరంగం చేసుకోవడం విక్రమం కాదు. చోటు లేని గుణాన్ని చోటు లేదని ఒప్పుకోవడం కూడ వివేకమే.

ఐదవది కీర్తి మీద అభిరుచి. వైరాగ్యశతకం వ్రాసిన కవి పేరనే ప్రసిద్ధమైన శ్లోకం కీర్తిని కోరుకొమ్మన్నదేమని కొందరికి అనుమానం. మన పెద్దలు సప్తసంతానాలని ఏడింటిని లెక్కపెట్టారు. కొడుకుతోపాటు చెరువు, తోట, గుడి, కావ్యం, నిధి, అగ్రహారం కూడ మనిషికి సంతానమే అన్నారు. కాకతీయుల కాలంనాటి పాఖాల, రామప్ప చెరువులు నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. ఆ నీరు పారించుకొనే రైతుకు చెరువు వేయించినవాని పేరు తెలియనక్కరలేదు. పేరు తెలియకపోయినా పనికివచ్చే పని యశస్సు. పని లేకుండా పేరు మాత్రమే తెలిస్తే అది ప్రచారం. వాకిట్లో ఒక వేపమొక్క నాటినవానికీ, దాని ప్రక్కన నిలబడి ఫోటో తీయించుకొని పోయినవానికీ ఉన్న తేడా అంతే.

ఆరవది విద్య మీద వ్యసనం. కవి ఇక్కడ ఒక చమత్కారం చేశాడు. వ్యసనమన్నది శాస్త్రాలలో చెడ్డమాట. కౌటిల్యుడు కామంవల్ల పుట్టే వ్యసనాలను నాలుగుగా లెక్కించాడు. వేట, జూదం, స్త్రీలు, మద్యపానం. అటువంటి మాటను తెచ్చి చదువు ప్రక్కన కూర్చోబెట్టడంలో అర్థం ఉన్నది. విడువలేనిది ఏదో ఒకటి మనిషికి ఎట్లాగూ ఉంటుంది, అది విద్య అయితే బాగుపడతాడని. పైగా అక్కడ వాడిన పదం శ్రుతి. విన్నది అని అర్థం. చదువు అంటే మొదట వినడం. వయస్సు మళ్ళిన మాబోటివారు ఈ గుణాన్ని పిల్లల దగ్గర అభ్యసించాలి. ఫోనులో ఓటీపీ ఎవరికీ చెప్పరాదని ఇంట్లో పిల్లలు చెప్పేటప్పుడు వినడం కూడ శ్రుతియే.

ఇక ఒక చిక్కు మిగిలింది. ఈ గుణాలు మహాత్ములకు ప్రకృతిసిద్ధాలని శ్లోకం అంటుంది. పుట్టుకతో రావలసినవే అయితే బడిలో చెప్పడం దేనికి? ఉపాధ్యాయునిగా ఈ ప్రశ్న నన్ను చాలకాలం వేధించింది. దీనికి జవాబు కూడ ఆ గ్రంథమే ఇస్తుంది. హితోపదేశం మొదలయ్యేదే చదువు అంటని రాజకుమారులతో. పాటలీపుత్రపు రాజు సుదర్శనుడు బెంగపెట్టుకొంటే, ఆరు నెలల్లో వారిని నీతివిదులను చేస్తానని విష్ణుశర్మ మాట ఇస్తాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి చెప్పిన కథలలోనే ఈ శ్లోకం ఉన్నది. శ్లోకం పుట్టుక అంటుంది, దానిని చెబుతున్న గురువు అభ్యాసం అంటాడు. నేను గురువు పక్షం. అయితే ఆయన పట్టిక వల్లెవేయించలేదు. వల చూపించాడు, బూరుగుచెట్టు చూపించాడు, తన కట్లకంటె ముందు తనవారి కట్లు కొరకమని ఎలుకను వేడుకొన్న పావురాన్ని చూపించాడు.

మన నీతిగ్రంథాలన్నీ శిరోధార్యాలని నేను అనడం లేదు. సుమతి శతకంలో కులాలను గురించీ, స్త్రీలను గురించీ ఉన్న కొన్ని పద్యాలను నేటి తరగతిలో చెప్పలేము, చెప్పకూడదు. ఏది ఉంచుకోవాలి, ఏది విడువాలి అని తేల్చుకోవడానికి నాకు ఒక చిన్న కొలత ఉన్నది. ఈ మాట ఎవరు, ఎవరితో అంటున్నారు? బలవంతుని చేతిని అదుపుచేసే మాట అయితే ఉంచుకొంటాను. బలహీనుని నోరు మూయించే మాట అయితే, అది ఎంత మంచి కందంలో ఉన్నా, విడిచిపెడతాను.

నా విద్యార్థికి ఇదే వ్రాసి పంపాను. నాయనా, ఆ గుణాలు రాజులకు చెప్పినవే. నీ క్రింద పనిచేసేవాడు ఒక్కడున్నా, నీ మాట వినేవారు పదిమంది ఉన్నా, నీ ఇంట్లో ఆపద అన్నది ఒక్కసారి వచ్చినా ఆ మేరకు నీవూ రాజువే అని. అతని జవాబు ఇంకా రాలేదు. తీరిక చేసుకొని వ్రాస్తాడు. ఈలోగా, ఈ ఆరింటిలో మీ మీ నిత్యజీవితంలో ఏ గుణానికి ఏ చోటు కనబడిందో మీరూ చెబితే విని నేర్చుకొంటాను.

స్వస్తి.